కలవని నీళ్ళు

చోడవరం పాత బజారులో కుట్టుమిషన్లు బాగుచేసే ఫకీర్ సాహెబ్‌కి మెహజబీన్ ఒక్కతే సంతానం. చిన్నప్పుడు బడి వదలగానే ఆ పిల్ల ఇంటికి పోకుండా నేరుగా కొట్టుకే వచ్చేది. తండ్రి విప్పి పెట్టిన మిషను భాగాలను కిరసనాయిలులో కడిగి, పాత చీరగుడ్డ మీద ఆరబెట్టేది. ఏ మర ఎక్కడిదో ఆయన అడక్కముందే అందించేది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి, విశాఖపట్నంలో సముద్రం మీద పరిశోధనలు చేసే ఒక సంస్థలో ఉద్యోగానికి చేరాక, సున్నితమైన పరికరాలన్నీ అక్కడివాళ్ళు ఆమె చేతికే అప్పగించడం మొదలుపెట్టారు. వారమంతా లేడీస్ హాస్టల్లో ఉండి, శనివారం సాయంత్రం చోడవరం బస్సెక్కేది.

ఆదివారం ఇంట్లో చేపల కూర. ఆ చేపలు తెచ్చేది పైడితల్లి. అచ్యుతాపురం అవతల సముద్రపుటొడ్డున ఉన్న చినరేవు ఆమె ఊరు. తెల్లారి మొదటి బస్సులో అనకాపల్లి వచ్చి, అక్కడ బస్సు మారి, గంపతో చోడవరం దిగేది. గంప వాసనొస్తోందని కండక్టర్లు కసిరితే ఆమె అంతకు రెట్టింపు కసిరేది. ముందు మెహజబీన్ వాళ్ళ గుమ్మంలో గంప దించి, మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే బజారుకు పోయేది. మెహజబీన్ అనే పేరు ఆమె నోటికి పూర్తిగా తిరగలేదు. హైస్కూల్లో చదివే రోజుల నుంచీ జబీనమ్మా అనే పిలిచేది. మెహజబీన్ ఆమెను అక్కా అనేది.

తొంభై నాలుగులో ఆ సంస్థకు విదేశం నుంచి ఒక కొత్త పరికరం వచ్చింది. మనిషంత పొడవున్న లోహపు గొట్టం. తోకవైపు కుంచెలాంటి వెంట్రుకలు, ముక్కువైపు నీటి సుడుల్ని పసిగట్టే బియ్యపు గింజంత సెన్సర్లు రెండు, వాటి పక్కన దారమంత సన్నని థర్మామీటరు, ఉప్పదనం కొలిచే మరో చిన్న భాగం. పడవ మీద నుంచి వదిలితే అది తన బరువుతో తానే నెమ్మదిగా నీళ్ళలోకి దిగుతుంది. దానికి కట్టిన తీగ వదులుగా ఉండాలి. పైనుంచి ఏ మాత్రం లాగినా గొట్టం వణుకుతుంది, ఆ వణుకే కొలతలో పడుతుంది. దిగుతున్నంతసేపూ అంగుళం అంగుళానికీ నీటి వేడి, ఉప్పదనం, నీళ్ళలోపలి చిన్న చిన్న సుడుల జోరు కొలిచి, తీగ గుండా పడవలోని కంప్యూటరుకు పంపుతుంది.

ఆ వారం ఇంటికి వచ్చినప్పుడు ఆమె తండ్రికి దాని సంగతి చెప్పింది. ఆయన పని ఆపి విన్నాడు. అంత చిన్న సుడుల్ని కొలిచి ఏం చేస్తారని అడిగాడు.

"పానకం కలిపేటప్పుడు గరిటె తిప్పకపోతే బెల్లం అడుగునే ఉండిపోద్ది గదా నాన్నా. సముద్రంలో ఆ గరిటె పని చేసేవి ఈ సుడులే. అవి తిరుగుతుంటేనే పైనీళ్ళూ కిందనీళ్ళూ కలుస్తాయి."

"తిరగడం ఆగిపోతే?"

"అప్పుడు పోసింది పోసినచోటే ఉంటాది."

ఫకీర్ సాహెబ్ తల ఊపి, అయితే మంచి పనే అన్నాడు. మర్నాటి నుంచి బజారులో అందరికీ తన కూతురు సముద్రానికి నాడి చూస్తోందని చెప్పుకున్నాడు.

ఆ పరికరంతో సంస్థ మొదట ఒప్పుకున్న పని చినరేవు దగ్గరే వచ్చింది. అక్కడి తీరంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ పెట్టబోతున్నారు. వాడేసిన నీళ్ళను పైపు ద్వారా సముద్రంలోకి తీసుకెళ్ళి అడుగున వదులుతారు. అలా వదిలిన నీరు అక్కడి సముద్రంలో ఎంత త్వరగా కలిసి పలచబడుతుందో కొలిచి చెప్పాలి. ఆ నివేదికను బట్టే అనుమతి. మెహజబీన్ విభాగానికి అధిపతి డాక్టర్ బంగార్రాజు. కొలిచే పని ఆమెకూ, కంప్యూటరు చూసే దిలీప్‌కూ అప్పగించాడు.

సంస్థకున్న ఓడ పెద్దది, ఒడ్డుకు అంత దగ్గరగా రాలేదు. చినరేవులో నావ మాట్లాడుకోవాలి. అక్కడేమో ఆడది నావెక్కితే వేట సాగదని పట్టింపు. మెహజబీన్ ఆ సంగతి పైడితల్లితో అంది. వచ్చే ఆదివారానికి పైడితల్లి కబురు పట్టుకొచ్చింది. తన మొగుడు దాసు ఇంజను నావ ఉంది, దానిమీద వెళ్ళొచ్చు. ఊరి పెద్దలు ఎలా ఒప్పుకున్నారని అడిగితే, పమిట చెంగుతో మొహం తుడుచుకుని చెప్పింది.

"మగోల్లు ఎక్కినప్పుడు ములిగిపోయిన నావలెన్నో లెక్కెట్టమన్నాను. సరే ఎల్లమన్నారు."

మొదటిసారి వెళ్ళినప్పుడు మెహజబీన్ వాళ్ళ పిల్లలకు మాడుగుల హల్వా పట్టుకెళ్ళింది. పైడితల్లి ఒడ్డున నిలబడి, నావ కెరటం దాటేదాకా చూసింది. దాసు తక్కువ మాటల మనిషి. గొట్టం దిగేటప్పుడు తీగ బిగియకుండా నావను ఎలా నిలపాలో రెండు మూడుసార్లలో నేర్చుకున్నాడు.

ఆషాఢ శ్రావణాల్లో గాలి జోరుగా ఉండే రోజుల్లో కొలిచారు. మెహజబీన్‌కి వాంతులయ్యాయి, అయినా కొలతలు చక్కగా వచ్చాయి. పైనుంచి అడుగుదాకా నీరు ఒకే వేడితో, ఒకే ఉప్పదనంతో ఉంది. రెండు సెన్సర్లూ ఒకే మాట చెప్పాయి. సుడులు అంతటా జోరుగా తిరుగుతున్నాయి. అక్కడ ఏం పోసినా పూట తిరక్కుండా పలచబడిపోతుంది. బంగార్రాజు సంతోషించాడు.

తర్వాత అక్టోబరు వచ్చింది. వానలు వెనకబట్టాక, ఉత్తరం నుంచి నదులు మోసుకొచ్చిన మంచినీరు తీరం పట్టుకుని కిందికి జారి వస్తుంది. అది తేలిక కనుక ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. ఆ రోజు గాలి లేదు. సముద్రం నూనె పోసినట్టుంది. గొట్టం దిగుతుంటే కంప్యూటరు తెర మీద ఉప్పదనం గీత మెట్లు మెట్లుగా పడింది. మంచినీటి పొరకు కాస్త కిందగా, మనిషెత్తు మందాన, సుడుల గీత పూర్తిగా పడుకుండిపోయింది. అక్కడ నీరు ఊపిరి బిగబట్టినట్టు నిలిచి ఉంది. మళ్ళీ వదిలారు. మళ్ళీ అంతే.

కానీ ఆ రోజు పనిచేస్తున్నది ఒక్క సెన్సరే. రెండోదాని రబ్బరు తొడుగు అంతకుముందు ప్రయాణంలోనే చీలి, లోపలికి ఉప్పునీరు దిగి చచ్చిపోయింది. మిగిలిన సెన్సరు నిజమే చెబుతోందో, అది కూడా చెడిపోయి ఏమీ చెప్పలేకపోతోందో తేల్చుకునే దారి లేదు. మెట్లలా పడిన ఉప్పదనం గీతను బట్టి నిజమేనని మెహజబీన్‌కి అనిపించింది. బంగార్రాజు మాత్రం ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకూడదన్నాడు. అది సబబైన మాటే. ఆమె కూడా ఒప్పుకుంది. కొత్త సెన్సర్లు తెప్పించమంది, తెప్పించాడు. అవి నవంబరు మొదట్లో వచ్చాయి. ఆమె తన చేత్తో వాటిని బిగించి, బయల్దేరే రోజు దాసుకు కబురు పెట్టింది.

ఆ రోజు పొద్దున్నే చోడవరం నుంచి హాస్టలుకు ఫోను వచ్చింది. ఫకీర్ సాహెబ్ కొట్టు తాళం తీస్తూ గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయాడు. మెహజబీన్ పరుగున వెళ్ళి, టాక్సీలో ఆయన్ని విశాఖ ఆసుపత్రికి తీసుకొచ్చింది. తల్లి మస్తాన్ బీ, తనూ వంతులేసుకుని మంచం పక్కన కూర్చున్నారు. ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. సముద్రం రేగి, పైపొరా కిందపొరా కలిసిపోయాయి. ఇక కొలవాలంటే మళ్ళీ అక్టోబరు దాకా ఆగాలి.

నివేదిక చిత్తుప్రతి ఆమె అప్పటికే రాసి ఉంది. అందులో చివరన, వానల తర్వాతి నెలల్లో నీరు పొరలుగా విడిపోయి నిలిచే సూచన కనబడిందనీ, అది మరోసారి కొలిచి చూసేదాకా ఆ నెలల గురించి ఏమీ చెప్పలేమనీ ఒక వాక్యం పెట్టింది. దిలీప్ ఆసుపత్రి వరండాలోకి టైపు చేయించిన ప్రతి పట్టుకొచ్చినప్పుడు అందులో ఆ వాక్యం లేదు.

"సార్ తీసేసేరు" అన్నాడు దిలీప్, ఆమె అడగబోయే లోపే. "రుజువు లేని మాట పెడితే మిగతా కొలతల్ని కూడా అనుమానిస్తారంట. వచ్చే ఏడాది కొలిచి అప్పుడు విడిగా రాద్దామన్నారు."

"ఈలోగా పైపు వేసేస్తారు గదా."

"నువ్వు సార్‌తో మాటాడు. కావాలంటే నేను రేపొస్తాను." అతను నిజంగానే అన్నాడు. కాగితాలు వెనక్కి తీసుకోబోయాడు కూడా.

అంతలో వార్డులోంచి నర్సు పిలిచింది. మెహజబీన్ కాగితాలు గోడకు ఆనించి సంతకం చేసి, కలం అతని చేతిలో పెట్టి లోపలికి పరుగెత్తింది. తండ్రి మంచినీళ్ళు అడిగాడు, అంతే.

ఫకీర్ సాహెబ్ డిసెంబరులో చోడవరంలో తన ఇంట్లోనే పోయాడు. చక్కెర మిల్లు సైరను మోగాక, చెరకు బళ్ళు వీధిలోంచి వరసగా పోతున్న వేళ పోయాడు. మూడోనాడు ఫాతెహా చదివించారు. బంధువులంతా భోజనాలు చేసి వెళ్ళాక, మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది. గంప లేకుండా ఆమె ఆ ఇంటికి రావడం అదే మొదలు. మస్తాన్ బీ పక్కన కూర్చుని ఏడ్చింది. సాహెబు తనతో ఒక్కనాడూ బేరమాడలేదని చెప్పుకుంది. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర మెహజబీన్‌ని ఆపింది.

"జబీనమ్మా, ఇయ్యాల అడక్కూడదు గానీ మా ఊల్లో రేపు మీటింగు. ఆ పైపు ఎడితే మాకేటైనా అవుద్దా? నువ్వు సూసేవు గదా లోపల."

మెహజబీన్ మూడు రోజులుగా నిద్రపోలేదు. ఆమె కళ్ళ ముందు ఆషాఢంలో రేగిన సముద్రమూ ఉంది, అక్టోబరులో నిలిచిన నీరూ ఉంది. దాని గురించి మొదలుపెడితే చాలాసేపు చెప్పాలి. లోపల తల్లి దగ్గు వినిపిస్తోంది.

"ఏం కాదక్కా" అంది. "నీళ్ళు బాగా కలుస్తన్నాయి."

పైడితల్లి ఆమె చేయి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు చినరేవు మీటింగులో ఏం జరిగిందో మెహజబీన్‌కి తర్వాత తెలిసింది. కుర్రకారు పైపు వద్దని లేచారట. ఫ్యాక్టరీవాళ్ళు చెప్పినదాన్ని ఎవరూ నమ్మలేదట. అప్పుడు పైడితల్లి ఆడవాళ్ళలోంచి లేచి, ఆ నీళ్ళు కొలిచిన పిల్ల తన చేతుల మీద పెరిగిందనీ, మన నావ మీదే వెళ్ళి చూసిందనీ, ఏం కాదని తనతో చెప్పిందనీ అందట. ఆ మాట మీద ఊరు సద్దుమణిగింది.

మరుసటి అక్టోబరులో మెహజబీన్ మళ్ళీ కొలుద్దామని అడిగింది. ఆ పరికరం అప్పటికి పడమటి తీరంలో వేరే పని మీద ఉంది. చినరేవు ప్రాజెక్టు ముగిసిపోయింది, దానికిక నావ ఖర్చు పెట్టలేమని ఆఫీసు చెప్పింది. ఆమె ఇంకోసారి అడిగి ఊరుకుంది. తల్లి ఒంటరిదై, కొట్టు అమ్మేసి, ఇల్లు చక్కబెట్టే గొడవల్లో ఆ ఏడాది గడిచిపోయింది.

తొంభై ఆరు వేసవిలో ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. వేసవిలో ఏమీ కాలేదు. వానకాలంలో ఏమీ కాలేదు. నివేదికలో చెప్పినట్టే పైపులోంచి వచ్చిన నీరు గాలికీ కెరటాలకీ కలిసిపోయింది. పైడితల్లి ప్రతి ఆదివారం కవళ్ళు, నెత్తళ్ళు తెచ్చింది. ఒకసారి ఖరీదైన చందువ చేపలు తెచ్చి, ఇవి జబీనమ్మకేనని దాచి ఇచ్చింది. మెహజబీన్ మనసులోని బరువు కాస్త తగ్గింది.

దసరా వెళ్ళాక పైడితల్లి రాలేదు. మరుసటి ఆదివారం కూడా రాలేదు. ఒంట్లో బాగులేదేమో అనుకున్నారు. ఆ తర్వాత బజారులో ఇంకో ఊరి చేపలావిడ మస్తాన్ బీకి చెప్పింది, చినరేవు చేపలిప్పుడు ఎవరూ కొనడం లేదని. మెహజబీన్ ఆ మాట విని భోజనం చేయకుండానే అనకాపల్లి బస్సెక్కింది.

చినరేవులో నావలన్నీ ఇసకలో ఉన్నాయి. వలలు ఆరేసి ఉన్నాయి కానీ వాటికి జిగురు పట్టుకుని ఉంది, ముట్టుకుంటే వేళ్ళకు అంటుకుంటోంది. ఒడ్డున చచ్చిన పాముచేపలు, పీతలు. వల లాగినవాళ్ళ చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలి ఉన్నాయి. ఫ్యాక్టరీవాళ్ళు రెండుసార్లు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, పరీక్ష చేయించి, నీళ్ళలో ఏ దోషమూ లేదన్నారట. ఎక్కడ పట్టారని మెహజబీన్ అడిగింది. నావ పక్కన, పైన పట్టారని చెప్పారు.

ఆమెకు అప్పుడే అర్థమైంది. పైన ఉన్నది ఏటి నీరు, శుభ్రమైనది. పైపులోంచి వచ్చేది తేలికై పైకి లేస్తూ, ఆ మంచినీటి దుప్పటి కిందకు చేరి అక్కడే చిక్కుకుంటోంది. సుడి లేని పొరలో చిక్కగా ఉండిపోయి, పలచని రేకులా ఒడ్డువైపు జారుతోంది. పైన ముంచినా అడుగున ముంచినా సీసాకు అందదు.

పైడితల్లి ఆమెను చూసి పీట వేసింది. గ్లాసుతో నీళ్ళిచ్చింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడి, పైడితల్లిని చూసి, తిరిగి లోపలికి పోయారు. ఆ చూపు మెహజబీన్‌ని వదిలి పైడితల్లి మీద ఎందుకు పడిందో, మీటింగు సంగతి దాసు చెప్పాక తెలిసింది.

సోమవారం ఆమె బంగార్రాజు గదిలోకి వెళ్ళింది. ఆయన ఆ ఏడాది చివరకు రిటైరవుతున్నాడు. చినరేవులో చూసిందంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ ఒక్క వాక్యం ఉంచి ఉండాల్సింది" అన్నాడు. తర్వాత ఫోను తీసి, పరికరం ఎక్కడుందో కనుక్కుని, దాన్ని వెంటనే పంపమని తన పేరు మీద ఆర్డరు వేశాడు. డబ్బు సంగతి తాను చూసుకుంటానన్నాడు.

దాసు నావ ఇస్తాడో లేదోనని మెహజబీన్ భయపడింది. అతను కాదనలేదు. ఊళ్ళో కొందరు ఆపబోతే, లోపల ఏముందో తెలియాలి కదా అని నావను నీళ్ళలోకి తోశాడు. గాలి లేదు. దిలీప్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మెహజబీన్ కొత్త సెన్సర్లు రెండూ బిగించి, గొట్టాన్ని నెమ్మదిగా వదిలింది. దాసు మునుపటిలాగే తీగ బిగియకుండా నావను నిలిపాడు.

తెర మీద గీతలు రెండూ ఒకేచోట పడుకున్నాయి. రెండేళ్ళ క్రితం ఒక్క సెన్సరు చెప్పిన చోటే, అదే మందాన. ఆమె ఆ లోతుకు తాడు కొలిచి, అక్కడ మూత తెరుచుకునే సీసా దించింది. పైకి తీసి మూత విప్పగానే వాసన నావంతా కమ్మింది. దిలీప్ ముక్కు మూసుకున్నాడు. దాసు ఆ సీసావైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఇదేనా?"

"ఇదే అన్నా."

"అప్పుడు గూడా ఇలాగే ఉందా? ఆ నూనెలాగున్న రోజున?"

"ఉంది. అయితే అప్పుడు ఒక్క సెన్సరే ఉంది. నిజమో కాదో తెలీలేదు. ఇంకోసారి రావాలనుకున్నాను. నాన్నకి బాగులేక..."

దాసు చుక్కాని పట్టుకుని నావను ఒడ్డువైపు తిప్పాడు. అతని గొంతులో కోపం లేదు.

"తరవాతేడాది అడిగితే నాను తీసికెళ్ళీవోడిని గదమ్మా. ఆఫీసు డబ్బులెందుకు? నావ మనదే గదా."

అది ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆఫీసు కాదన్నాక చినరేవు వచ్చి దాసును అడగవచ్చన్న ఊహే రాలేదు. పరికరం లేకపోతే ఒక థర్మామీటరూ, ఆ సీసా, ఒక తాడూ పట్టుకొచ్చినా, ఇంత స్పష్టంగా కాకపోయినా నీరు పొరలుగా ఉన్నదని తెలిసేది.

జిల్లా అధికారుల ముందు విచారణ జరిగింది. మెహజబీన్ గీతలు చూపించి, సీసాల పరీక్షా ఫలితాలు పెట్టి, పాత నివేదికలో ఆ నెలల గురించి చెప్పవలసింది చెప్పలేదని అంది. ఎందుకు చెప్పలేదని ఒక అధికారి అడిగాడు. చెప్పాల్సిన వాక్యం లేకుండానే సంతకం చేశానని అంది. బంగార్రాజు లేచి, ఆ వాక్యం తీసేసింది తానేనని చెప్పాడు. చివరకు వానల తర్వాత ఆ రెండు మూడు నెలలూ ఫ్యాక్టరీ తన నీళ్ళను చెరువుల్లో నిలవ ఉంచుకోవాలనీ, సముద్రపు నీళ్ళు కలిసే రోజుల్లోనే వదలాలనీ ఆదేశం వచ్చింది. పైపును ఇంకా లోపలికి పొడిగిస్తామని ఫ్యాక్టరీ మాట ఇచ్చింది. ప్రతి అక్టోబరులో కొలిచే పని మెహజబీన్‌కే వచ్చింది.

ఆదేశం చాలావరకు అమలైంది. పైపు మాత్రం పొడిగించలేదు. ఆ తర్వాతి అక్టోబరులో వలలకు జిగురు పట్టలేదు. కానీ చినరేవు చేప అన్న పేరుకు పట్టిన వాసన బజారులో పోలేదు. అనకాపల్లిలో, చోడవరంలో, బుచ్చయ్యపేట సంతలో, ఎక్కడి చేపని అడిగి మరీ గంప దాటిపోయేవాళ్ళు. ఒడ్డుకు దగ్గరగా ఉండే చేప కూడా మునుపటిలా రాలేదు. ఊళ్ళో నావలున్నవాళ్ళు ఒక్కొక్కరే అమ్ముకుని, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కూలికి పోయారు. దాసు కూడా నావ అమ్మేశాడు. పైడితల్లి అతనితో వెళ్ళి, అక్కడ రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. వెళ్ళే ముందు మస్తాన్ బీకి చెప్పడానికి చోడవరం వచ్చిందట. అది మంగళవారం. మెహజబీన్ విశాఖలో ఉంది.

మెహజబీన్ ఆ అక్టోబరులో వేరే ఊరి నావ మీద కొలిచింది. కొలతలు బాగా వచ్చాయి. వాటి మీద రాసిన వ్యాసాన్ని పై దేశాల్లోని వాళ్ళు మెచ్చుకున్నారు. తీరపు సముద్రంలో అంత పలచని పొరను అంత స్పష్టంగా పట్టుకున్నందుకు ఢిల్లీలో ఒక సభకు పిలిచి శాలువా కప్పారు. మస్తాన్ బీ ఆ ఫోటోను ఫకీర్ సాహెబ్ ఫోటో పక్కన తగిలించింది. మెహజబీన్ దాన్ని తీయించలేదు కానీ, ఆ గదిలో కూర్చున్నప్పుడు దానికి వీపు పెట్టి కూర్చునేది.

తొంభై ఎనిమిదిలో ఒక శనివారం సాయంత్రం, చోడవరం వెళ్తూ అనకాపల్లిలో బస్సు మారుతుంటే పైడితల్లి కనబడింది. చేతిసంచీతో అచ్యుతాపురం బస్సు కోసం నిలబడి ఉంది. కూతురి పురుడు చూడ్డానికని వచ్చిందట. మనిషి చిక్కింది. వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఐసులో రొయ్యలు ఒలిస్తే అంతేనంది. మస్తాన్ బీ ఎలా ఉందని అడిగింది. మోకాళ్ళ నొప్పులకు ఏం రాస్తోందని అడిగింది. దాసు సంగతి మెహజబీన్ అడిగితే, అతనక్కడ ఒక బోటుకు పెద్దగా ఉన్నాడనీ, ఇక ఇటు రాడనీ చెప్పింది.

మెహజబీన్ చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్నది చెప్పబోయింది. ఆ రోజు గుమ్మంలో తాను అన్న మాట గురించి మొదలుపెట్టి, ఆపైన ఎలా పోవాలో తెలియక ఆగిపోయింది.

పైడితల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీ నాన్న పోయిన మూడోనాడమ్మా అది. నిన్ను ఆ రోజు అడక్కుండా ఉండాల్సింది నాను."

మెహజబీన్ కాదనబోయింది. అంతలో అచ్యుతాపురం బస్సు వచ్చి, జనం తోసుకుంటూ ఎక్కారు. పైడితల్లి సంచీ చంకలో పెట్టుకుని, కండక్టరు కసిరితే ఏమీ అనకుండా పక్కకు తప్పుకుని, చివరన ఎక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా మెహజబీన్ చూస్తూ నిలబడింది. చోడవరం బస్సు వచ్చి ఆగింది. ఆమె కదలకపోయేసరికి, దారిలో నిలబడ్డావేమిటని ఎవరో విసుక్కుంటూ ఆమెను దాటి ఎక్కారు.